సవరణ: లిలీ ఎల్సీ రంగస్థల జీవితం 1911తో ముగియలేదు

ఇంగ్లీషు గాయని, నటి లిలీ ఎల్సీ గురించి పెట్టిన పోస్టులో రెండు విషయాలు సరిచేస్తున్నాను.

‘ది మెర్రీ విడో’ అనే పాటల నాటకంలో కథానాయిక పాత్రను మొదట వేసింది ఎల్సీ అని అందులో ఉంది. అది సరికాదు. 1905 డిసెంబరు 30న వియన్నాలో ఆ పాత్ర వేసింది మిజ్జి గుంటర్. ఎల్సీ వేసింది 1907 జూన్ 8న లండన్‌లోని డేలీస్ థియేటర్‌లో మొదలైన ఇంగ్లీషు ప్రదర్శనలో. వియన్నాలో హానాగా ఉన్న పాత్ర పేరు కూడా అక్కడ సోనియా. తన సన్నని గొంతుకు ఈ పాత్ర నప్పదేమోనని ఎల్సీ వెనకాడితే, నిర్మాత జార్జ్ ఎడ్వర్డ్స్ పట్టుబట్టి ఒప్పించాడు. నాటకం 778 ప్రదర్శనలు ఆడింది! డిజైనర్ లూసీల్ ఆమె కోసం చేసిన ఈకల టోపీ చాలా వెడల్పుగా ఉండేది. దాన్ని చూసి ఊరంతా అలాంటి టోపీలే పెట్టుకోవడం మొదలుపెట్టింది. అందుకే ఆమె పేరు చెబితే ఇప్పటికీ ఆ టోపీతో ఉన్న ఫొటోలే గుర్తొస్తాయి.

రెండోది, నాకు ఎక్కువ ముఖ్యమైనది. 1911లో ఇయాన్ బులోను పెళ్లి చేసుకుని నాటకాలు పూర్తిగా మానేసిందని రాశాను. మానేసిన మాట నిజమే, కానీ పూర్తిగా కాదు. 1917లో ‘పమేలా’లో, 1927లో ‘ది బ్లూ ట్రెయిన్’లో నటించింది. 1928లో నటుడు ఐవర్ నొవెల్లోతో కలిసి ‘ది ట్రూత్ గేమ్’ చేసింది. అది పాటల నాటకం కాదు, మాటల నాటకం. పాటకే పేరుపడ్డ నటి నలభై దాటాక అలాంటిది ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. దాన్ని వదిలేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే.

పాత పోస్టులో ఈ రెండు చోట్లా మార్చాను. షేర్ చేసినవాళ్లు దయచేసి కొత్తదే పంపండి.