వదులు కేబుల్ నుంచి జీరో టికెట్ దాకా

2011 సెప్టెంబరు 23న జెనీవా శివార్లలోని సెర్న్ అణు పరిశోధన కేంద్రంలో ఒపేరా ప్రయోగ బృందం ఒక లెక్క బయటపెట్టింది. సెర్న్ నుంచి భూమి లోపలి రాతిపొరల గుండా పంపిన న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలు, సుమారు 730 కిలోమీటర్ల అవతల ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద ఉన్న డిటెక్టరుకు, కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరుతున్నాయన్నది ఆ లెక్క. ఆ దూరం దాటడానికి కాంతికి పట్టేది దాదాపు 2.4 మిల్లీసెకన్లు. అందులో నలభై వేలలో ఒక వంతు ఈ తేడా. కాంతి కంటే వేగంగా ఏదీ పోదన్న ఐన్‌స్టీన్ పొరబడ్డాడా అని లోకమంతా అడిగింది.

కొలత నాసిరకందేమీ కాదు. మూడేళ్ల డేటా, పదిహేను వేలకు పైగా న్యూట్రినో ఘటనలు. దూరం కొలతలో అనిశ్చితి 20 సెంటీమీటర్లే. 2009లో ఆక్విలా భూకంపం వచ్చినప్పుడు ప్రయోగశాల ఏడు సెంటీమీటర్లు జరిగిన సంగతి కూడా ఆ సర్వేలో దొరికింది. అయినా అనుమానించడానికి పాత ఆధారం ఒకటి చేతిలోనే ఉంది. 1987లో పేలుతూ కనిపించిన నక్షత్రం, అంటే సూపర్‌నోవా, మనకు దాదాపు లక్షా 68 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. న్యూట్రినోలు నిజంగా నలభై వేలలో ఒక వంతు వేగంగా వెళ్లేవైతే కాంతి కంటే నాలుగేళ్లు ముందు రావాలి. వచ్చింది కొన్ని గంటల ముందు. ఆ కాస్త తేడాకూ కారణం తెలిసిందే: పేలే నక్షత్రం లోంచి న్యూట్రినోలు సూటిగా బయటపడతాయి, కాంతి ఆలస్యంగా బయటికొస్తుంది.

లోపం చివరికి ఒక కనెక్టరు బిగింపులో దొరికింది. జీపీఎస్ సమయ సంకేతాన్ని బయటి నుంచి భూగర్భంలోని ప్రధాన గడియారానికి తెచ్చే ఆప్టికల్ ఫైబరు పూర్తిగా బిగుసుకోలేదు. అది వదులుగా ఉంటే అవతలికి చేరే కాంతి తగ్గుతుంది. అక్కడి సర్క్యూట్ తగినంత విద్యుదావేశం పోగయ్యాకే సంకేతం అందినట్టు లెక్కవేస్తుంది. కాంతి తగ్గితే ఆ పోగవడం ఆలస్యమవుతుంది. అలా గడియారం 73 నానోసెకన్లు వెనకబడింది, న్యూట్రినో ముందొచ్చినట్టు కనిపించింది. దీనికి ఎదురు దిశలో చిన్నపాటి మరో లోపం కూడా ఉండటంతో మొత్తం తేడా 60 దగ్గర తేలింది. కేబుల్ తెగిపోయి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది. వదులు కేబుల్ పనిచేస్తూనే తప్పు చెప్పింది.

దీన్ని ఖాయం చేసింది పక్కింటి వాళ్లు. అదే కొండ కింద, ఒపేరాకు సుమారు 160 మీటర్ల దూరంలో, ఎల్‌వీడీ అనే వేరే ప్రయోగం అప్పుడు నడుస్తుండేది. ఆకాశం నుంచి అడ్డంగా వచ్చే మ్యుయాన్లనే కణాలు అప్పుడప్పుడూ రెండు డిటెక్టర్లనూ దాటిపోయేవి. రెండు గడియారాల్లో నమోదైన సమయాలను పక్కపక్కన పెట్టి చూస్తే, 2008 మధ్య నుంచి 2011 చివరి దాకా ఒపేరా గడియారం 73 నానోసెకన్లు పక్కకు జరిగి ఉంది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఒపేరా ఫలితం 6 సిగ్మా. యాదృచ్ఛికంగా అలాంటి అంకె వచ్చే అవకాశం దాదాపు లేదనే దాని అర్థం. మీటరే తప్పయితే సిగ్మాలు కాపాడవు. ఇంకో మూడేళ్ల డేటా పోగుచేసినా అదే తప్పు మరింత ధీమాగా వచ్చేది.

భౌతికశాస్త్రం వాళ్ల మరో అలవాటు, తమను తాము నమ్మకపోవడం. మ్యుయాన్ అయస్కాంత గుణాన్ని కొలిచే, అమెరికాలోని ఫెర్మీల్యాబ్ మ్యుయాన్ జీ-2 ప్రయోగంలో కొలతకు ప్రాణం గడియారపు పౌనఃపున్యం. దాన్ని కావాలనే కొంచెం జరిపి, అసలు అంకెను ప్రయోగంతో సంబంధం లేని ఇద్దరికి అప్పగించి, కవర్లలో పెట్టి సీలు వేయించారు. విశ్లేషణ పూర్తయ్యే దాకా తమ జవాబు ఎటు మొగ్గుతోందో బృందానికే తెలియదు. 2021 ఫిబ్రవరిలో కవరు తెరిచి, ఏప్రిల్ 7న ఫలితం ప్రకటించారు. 2025 జూన్‌లో వచ్చిన తుది కొలత కూడా దానితో కలిసింది. ఈలోగా సిద్ధాంతం వైపు లెక్క మారి, కొలతకూ సిద్ధాంతానికీ మధ్య గొప్ప వైరుధ్యం అనుకున్నది దాదాపు కరిగిపోయింది. కొలత మాత్రం నిలబడింది. మనకూ ఇది కొత్తేమీ కాదు. పదో తరగతి జవాబు పత్రం దిద్దే మాస్టారికి హాల్‌టికెట్ నంబరు కనిపించకుండా చేసేదీ ఇందుకే.

ఇంత కట్టుదిట్టం అక్కర్లేదని బడుల విషయంలో, బస్సుల విషయంలో ఎందుకనుకుంటున్నాం? నిజానికి అక్కడే ఎక్కువ కావాలి. కొలుస్తున్నారని మ్యుయాన్‌కు తెలియదు. పిల్లలకూ టీచర్లకూ కార్ల కంపెనీలకూ కండక్టర్లకూ తెలుసు.

బడి సంగతి ముందు చూద్దాం. అక్కడ కొలబద్దే సరిగ్గా లేదు. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. పదమంటే ఏది? ఇంగ్లిష్‌లో 'బికాజ్ హి కుడ్ నాట్ కమ్' అంటే అయిదు పదాలు. తెలుగులో 'రాలేకపోయినందువల్ల' ఒక్కటే పదం. తెలుగు పిల్ల నిమిషానికి 35 పదాలు చదివితే వెనకబడినట్టా, ముందున్నట్టా? పదాల లెక్కతో దీనికి జవాబు రాదు. అక్షరాలు లెక్కపెడితే కాస్త నయం. అందులోనూ ఒత్తున్న అక్షరాన్నీ ఒత్తు లేని దాన్నీ వేరుగా లెక్కించాలి. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధనలో లిపి మొత్తం పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా, కొందరికి ఆ తర్వాత కూడా పడుతుందని తేలింది. తెలుగు లిపి కన్నడానికి తోబుట్టువు. ఇరవై ఆరు అక్షరాల భాషకు పెట్టుకున్న గడువులను వందల గుణింతాలూ ఒత్తులూ ఉన్న లిపికి అంటగడితే, చక్కగా నేర్చుకుంటున్న పిల్ల కూడా తప్పినట్టే లెక్క.

కొలిచే తీరు కూడా ముఖ్యం. పాఠ్యపుస్తకంలోని పేరా ఇచ్చి చదవమంటే చాలామంది గడగడా అప్పజెప్పేస్తారు, కళ్లు పేజీ మీద లేకపోయినా. ఎప్పుడూ చూడని పేరా ఇవ్వాలి. ఎన్ని తప్పులన్న అంకె ఒక్కటే రాస్తే టీచరుకు దానితో పనిలేదు. దీర్ఘాన్ని మింగారా, ఒత్తు వదిలేశారా, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించారా అన్నది వేర్వేరు గళ్లలో రాయాలి. మొదటి రెండూ లిపి దగ్గరి ఇబ్బందులు, మూడోది అలవాటు. వాటికి చేసే సాధన వేరు. చదివించి పరీక్షించే మనిషి ఆ బడి టీచరే అయితే, ఎంత నిజాయితీపరులైనా, తెలిసిన పిల్ల తడబడితే రెండో అవకాశం ఇస్తారు.

రోడ్డు మీద ఇదే కథ ఫోక్స్‌వాగన్‌ది. ప్రయోగశాలలో రోలర్ల మీద పెట్టి, ముందే తెలిసిన వేగాల క్రమంలో నడిపితే ఆ డీజిల్ కార్లు పరీక్ష పాసయ్యేవి. చక్రాలు తిరుగుతున్నా స్టీరింగ్ కదలకపోవడం లాంటి గుర్తులతో ఇది పరీక్షేనని కారు సాఫ్ట్‌వేర్ పసిగట్టేది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు డిక్కీలో కొలత పరికరం పెట్టుకుని మామూలు రోడ్ల మీద తిప్పారు. ఒక కారు నైట్రోజన్ ఆక్సైడ్లను పరిమితికి 15 నుంచి 35 రెట్లు వదిలింది. 2014లో వచ్చిన ఆ చిన్న అధ్యయనం 2015 సెప్టెంబరు 18 నాటి అమెరికా ప్రభుత్వ నోటీసు దాకా నడిచింది. పాఠం అప్పజెప్పే పిల్లకూ ఆ కారుకూ తేడా ఒక్కటే: పిల్లది మోసం కాదు. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి కార్లకు రోడ్డు మీద కొలత తప్పనిసరి చేశారు. చదువుకు అలాంటి నియమం రాలేదు.

ఇక ఇంగ్లిష్ మీడియం. ఇది తెలుగువాళ్లకు మంటపుట్టించే చర్చ. గొంతులు ఎక్కువ, ఆధారాలు తక్కువ. ఉన్న ఆధారాల్లో మంచిది మన దగ్గరే పుట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో 2008 నుంచి నాలుగేళ్లు ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపిన ప్రయోగం అది. ప్రైవేటు బడిలో చేరడానికి పిల్లలకు వోచర్లు ఇచ్చారు, చీటీలు తీసి. చీటీలు రెండుసార్లు తీయడంలోనే దాని తెలివంతా ఉంది. ముందు ఏ గ్రామాలకు వోచర్లు ఇవ్వాలో తీశారు, తర్వాత ఆ గ్రామాల్లో ఏ పిల్లలకో తీశారు. దానివల్ల వెళ్లిన పిల్లల సంగతే కాక, స్నేహితులు వెళ్లిపోయాక సర్కారు బడిలో మిగిలిన పిల్లల సంగతి కూడా, అసలు వోచర్లే లేని గ్రామాలతో పోల్చి చెప్పగలిగారు. తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నారు. ఖర్చు మాత్రం సర్కారు బడి ఖర్చులో మూడో వంతు లోపే. తెలుగు మీడియం ప్రైవేటు బడుల్లో లాభం, ఇంగ్లిష్ మీడియానికి మారినచోట మిగతా సబ్జెక్టుల్లో నష్టం ఉండవచ్చన్న సూచన కూడా అందులో ఉంది. కానీ చీటీలు తీసింది వోచర్ల కోసం, మీడియం కోసం కాదు. అందుకే అది సూచన దగ్గరే ఆగింది.

ఆ సూచనను తేల్చే అవకాశం రెండుసార్లు వచ్చి పోయింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నీ ఇంగ్లిష్ మీడియమే అని ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం తెచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో ఆలోచించి చేసిన పని ఆ పుస్తకమే. కానీ టీచరు ఏ పేజీ తెరిపించి పాఠం చెబుతున్నారు? పిల్ల ఏ పేజీ చదివి పరీక్ష రాస్తోంది? మండలాలవారీగా చీటీలు తీసి, సగం మండలాల్లో ఏడాది ముందు, మిగతా సగంలో ఏడాది తర్వాత మొదలుపెట్టి ఉంటే ఇవాళ జవాబు ఉండేది. అందరికీ అందేది, ఖర్చూ పెరిగేది కాదు.

రవాణాలో ఈ పని చేసి చూపించిన ఊరు స్టాక్‌హోమ్. నగర కేంద్రంలోకి వచ్చే వాహనాలకు రుసుము పెట్టాలనుకున్నప్పుడు, ముందు 2005 ఆగస్టులో అదనపు బస్సులు ఒక్కటే వేశారు. కార్ల రద్దీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. 2006 జనవరి 3న రుసుము మొదలైంది. రద్దీ సుమారు అయిదో వంతు పడిపోయింది. జూలై 31న ఆపేశారు. రద్దీ చాలావరకు తిరిగొచ్చింది. అప్పుడు ఓటు వేయమన్నారు. రెండూ ఒకే రోజు మొదలుపెట్టి ఉంటే, తగ్గిన రద్దీ బస్సుల పుణ్యమా, రుసుము పుణ్యమా అని ఇప్పటికీ వాదులాడుకునేవాళ్లు.

తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం 2023 డిసెంబరు 9న రాష్ట్రమంతా ఒకేసారి మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న. పథకం మంచిదే. కానీ దాని ఫలితం ఎంత అంటే అందరూ చూపించేది జీరో టికెట్ల సంఖ్య, అంటే మహిళలకు ఛార్జీ లేకుండా కొట్టే టికెట్ల సంఖ్య. ఆ సంఖ్యతో చిక్కులు చాలా ఉన్నాయి. బస్సు మారితే ఒక ప్రయాణానికి రెండు టికెట్లు. ఛార్జీ లేనప్పుడు దిగే స్టేజీ కచ్చితంగా చెప్పాల్సిన అవసరం ఎవరికీ ఉండదు, కాబట్టి దూరం లెక్క నమ్మదగింది కాదు. కిక్కిరిసిన బస్సులో కండక్టరు వెనక తలుపు దగ్గరికి చేరేలోపు దిగిపోయేవాళ్లు లెక్కలోకే రారు. ప్రభుత్వం ఆర్టీసీకి కట్టే సొమ్ముకు ఆ టికెట్లే ఆధారం. డబ్బుకు ముడిపడ్డ మీటరును రెండో మీటరుతో సరిచూడాలి, అందులో ఎవరినీ అనుమానించేదేం లేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు, మామూలు టికెట్ మీద ఆడ, మగ లెక్క ఉండదు. అందువల్ల డిసెంబరు 8 నాటికి ఎందరు మహిళలు బస్సెక్కేవారో సూటిగా చెప్పే అంకె టికెట్లలో దొరకదు. పోనీ నెలల మొత్తాలు పోల్చుదామంటే, 2023 నవంబరు 30న పోలింగు, ఎన్నికల విధులకు వెళ్లిన బస్సులు, కార్తీక మాసపు గుడి ప్రయాణాలు. జనవరిలో సంక్రాంతి, ఫిబ్రవరిలో మేడారం జాతర. మామూలు నెల ఒక్కటి కూడా దొరకదు.

ఎలక్ట్రిక్ బస్సుల లెక్కలోనూ చాలాసార్లు కొలబద్ద గొడవే. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరుకు 5 కిలోమీటర్లిచ్చే ఏసీ లేని బస్సుకు కిలోమీటరుకు అర కిలో పైచిలుకు. ఏసీ ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు ఒకటింపావు యూనిట్ల కరెంటు తాగితే, బొగ్గు మీదే ఎక్కువగా నడిచే మన గ్రిడ్‌లో యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున, దానికంటే ఎక్కువే తేలుతుంది. దీన్ని చూసి ఎలక్ట్రిక్ బస్సే దండగ అనేవాళ్లు ఏసీని ఏసీ లేనిదానితో పోలుస్తున్నారు. వీధిలో పొగ లేకపోవడాన్ని, ఏటేటా మారుతున్న గ్రిడ్‌ను వదిలేస్తున్నారు. పొగగొట్టం లేదు కాబట్టి కాలుష్యం సున్నా అనేవాళ్లు అసలు లెక్కే వేయడం లేదు. కిలోమీటరుకు కాకుండా ఒక్కో ప్రయాణికుడి కిలోమీటరుకు లెక్కవేయాలి. దానికి బస్సులో ఎందరున్నారో తెలియాలి. అంటే మళ్లీ జీరో టికెట్ దగ్గరికే రావాలి.

ఇప్పటికీ చేయగలిగింది ఉంది. కొత్త బస్సులు విడతలుగానే వస్తాయి. ఏ డిపోకు ముందో చీటీలు తీయండి. కొత్త బస్సులు రావడానికి నాలుగు వారాల ముందు నుంచి, మంగళ, బుధ, గురువారాల్లో, ఉదయం 8 నుంచి 10 దాకా, ఎంచిన స్టాపుల్లో ఎక్కేవాళ్లను మనుషులతో లెక్కపెట్టించండి, ఆడ, మగ వేరుగా. అదే సమయంలో షేర్ ఆటో అడ్డాల్లోనూ లెక్కించండి. సంక్రాంతి, జాతర, పోలింగు వారాలు వదిలేయండి. లెక్కపెట్టేవాళ్లకు ఏ డిపో మొదటి విడతలో ఉందో చెప్పకండి. ఆ జాబితాను ఆర్టీసీతో సంబంధం లేని ఏదైనా విశ్వవిద్యాలయం గణాంక విభాగంలో సీలు వేసి ఉంచండి. వంద టికెట్లకు ఆ మనుషుల లెక్క ఎంత తేడాగా ఉందో చూస్తే, ఇప్పటిదాకా పోగైన జీరో టికెట్ల అంకెను ఎంత సరిదిద్దుకోవాలో కూడా తెలుస్తుంది.