అదనపు దీపాలు, అడ్డగోలు తీగలు

రాత్రిపూట నిండు బరువుతో సాగే లారీకి దారి ఇంకొంచెం దూరం కనిపించాలని డ్రైవరు కోరుకోవడంలో తప్పేమీ లేదు. 40 టన్నుల బండి నిలదొక్కుకుని ఆగడానికి కారు కంటే చాలా ఎక్కువ దూరం కావాలి. ఆ దూరమంతా బ్రేకు మీద కాలు వేయకముందే కంటికి ఆనాలి. అందుకే బంపరు మీద రెండు, క్యాబిన్ నెత్తిన నాలుగు, సరుకు దించే చోట వెనుక ఒకటి చొప్పున దీపాలు వచ్చి చేరుతుంటాయి. వాటి అవసరాన్ని మేము ప్రశ్నించడం లేదు. మా అభ్యంతరమల్లా దీపానికీ బ్యాటరీకీ మధ్య నడిచే ఐదారు మీటర్ల తీగ గురించే. దీపం ఏ కంపెనీది, ఎన్ని వాట్లది అని పదిమందిని అడిగి కొనే యజమాని, దాన్ని బిగించే రోజున చేతికందిన తీగతో సరిపెట్టుకుంటున్నాడు.

ఎక్కువగా జరిగే పని ఏమిటంటే, హెడ్‌లైటుకు వెళ్లే తీగను మధ్యలో ఒలిచి, దానికి కొత్త తీగను మెలిపెట్టి, పైన టేపు చుట్టేయడం. దీపం వెలుగుతుంది కాబట్టి పని అయిపోయినట్టే లెక్క. అసలు లెక్క వేరే ఉంది. 12 వోల్టుల బండిలో 55 వాట్ల హాలోజన్ దీపాలు రెండు వెలిగితే తొమ్మిది ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతాయి. 24 వోల్టుల లారీలో 70 వాట్లవి రెండు ఆరుకు కాస్త తక్కువగా లాగుతాయి. చల్లగా ఉన్న ఫిలమెంటు స్విచ్చి వేసిన తొలి క్షణంలో ఇంతకు పదిరెట్ల దాకా లాగుతుంది. తన సొంత బల్బుల కోసమే తయారైన తీగ, స్విచ్చి, కనెక్టరు ఈ అదనపు భారాన్ని రోజూ మోయాల్సి వచ్చినప్పుడు కాంటాక్టులు నల్లబడతాయి, కనెక్టరు కరగడం మొదలవుతుంది, ఒక రాత్రి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆ ఎగిరిపోవడం హెచ్చరిక అని గ్రహించకుండా 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు తీసి 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు గుచ్చేవారు చాలామంది. ఫ్యూజు ఉన్నది దీపాన్ని కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. తీగ మోయగలిగిన దాని కంటే పెద్ద ఫ్యూజు వేసిన రోజు నుంచి ఆ బండిలో తీగే ఫ్యూజు అవుతుంది. కాలిపోవాల్సి వస్తే కాలేది అదే.

సరైన పద్ధతి కొత్తదీ కాదు, కష్టమైనదీ కాదు. అదనపు దీపాలకు బ్యాటరీ నుంచి విడిగా ఒక లైను, ఆ లైనుకు ఒక ఫ్యూజు, దీపాల భారాన్ని మోయడానికి ఒక రిలే, అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి, ఉండాలి. రిలే మీద 30 అని రాసి ఉన్న కాలికి ఫ్యూజు గుండా బ్యాటరీ కరెంటు వస్తుంది, 87 నుంచి దీపాలకు పోతుంది. 85, 86 రిలేను పనిచేయించే లోపలి తీగచుట్ట, అంటే కాయిల్‌వి. డ్యాష్‌బోర్డు మీది స్విచ్చి గుండా పోయేది ఆ కాయిల్‌కు కావలసిన కొద్దిపాటి కరెంటే, ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. అయితే 24 వోల్టుల లారీకి 24 వోల్టుల రిలేనే కావాలి. చేతిలో ఉంది కదా అని 12 వోల్టుల రిలే పెడితే కాయిల్‌లో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. ఫ్యూజు ఎక్కడుండాలన్నది ఇంకా ముఖ్యం. దాన్ని దీపం పక్కన పెట్టేవారున్నారు, క్యాబిన్‌లో అందుబాటుగా పెట్టేవారూ ఉన్నారు. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న తీగకు ఏ రక్షణా ఉండదు. అక్కడ ఎక్కడైనా ఒరుసుకుని బండి ఇనుప చట్రమైన చాసిస్‌ను తాకితే వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి, ఆపేవాడుండడు. కాబట్టి ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్‌కు జానెడు దూరం దాటకూడదు.

తీగ మందం విషయంలో అంకెలే మాట్లాడతాయి. దీపాలు ఐదు మీటర్ల దూరంలో ఉంటే, పోయే తీగా తిరిగొచ్చే తీగా కలిపి పది మీటర్లు. చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగతో ఆ రెండు 55 వాట్ల దీపాలను 12 వోల్టుల మీద వెలిగిస్తే దారిలోనే సుమారు ఒకటిన్నర వోల్టు పోతుంది. వోల్టేజి కొంచెం తగ్గినా హాలోజన్ వెలుగు చాలా ఎక్కువగా పడిపోతుంది. ఈ ఒకటిన్నర వోల్టుకే దాదాపు మూడో వంతు వెలుగు మాయమవుతుంది. దాదాపు 14 వాట్లు తీగను వేడిచేయడానికే ఖర్చవుతాయి. అదే దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం ఆరు పదుల శాతం తగ్గుతుంది. వెలుగు చాలడం లేదని ఇంకో జత దీపాలు కొనేవారు, అంతకు ముందు ఉన్న తీగను ఒకసారి చూసుకుంటే మంచిది. ఎల్ఈడీ బార్లు తక్కువ కరెంటుతో పనిచేస్తాయి నిజమే, కానీ వాటిలో చాలావాటి లోపల కరెంటును అదుపుచేసే సర్క్యూటు వోల్టేజి పడిపోయిన కొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎల్ఈడీ కదా, ఏ తీగైనా చాలు అనుకోవడం పొరపాటు.

తీగ ఏ దారిన పోవాలన్నది ఇంట్లో వైరింగు కంటే లారీలో ఎంతో చిక్కైన సంగతి. లారీ క్యాబిన్ ముందుకు వంగుతుంది; వంగే ఇరుసు దగ్గర తీగకు వదులు ఉంచకపోతే మెకానిక్ క్యాబిన్ ఎత్తిన మొదటిసారే అది తెగుతుంది, తెగకపోతే ఇన్సులేషన్ లోపల నలిగి తర్వాత ఎప్పుడో తెగుతుంది. ఇనుప రేకులో రంధ్రం చేసి తీగ దూర్చినచోట రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు గ్రొమెట్ లేకపోతే ఆ రేకు అంచు కత్తిలాగే పనిచేస్తుంది. సైలెన్సరుకూ టర్బోకూ దూరంగా పోనివ్వాలన్నది అందరికీ తెలిసిందే. తెలిసినా చేసే తప్పు మరొకటి ఉంది. చాసిస్ వెంట చక్కగా సాగిపోయే ఎయిర్ బ్రేకు పైపులకు కొత్త తీగను జిప్ టైతో కట్టేయడం అలవాటైపోయింది. ఆ పైపులు చాలా బళ్లలో నైలాన్‌వి. షార్ట్ సర్క్యూటై వేడెక్కిన తీగ తన పక్కనున్న పైపును కరిగిస్తే, దీపాల సమస్య బ్రేకుల సమస్య అవుతుంది. డీజిల్ గొట్టం గురించి వేరే చెప్పక్కర్లేదు.

24 వోల్టుల లారీలో రెండు బ్యాటరీలు వరుసగా ఉంటాయి కదా, వాటిలో ఒకదాని నుంచి 12 వోల్టులు తీసుకుంటే పోలేదా అన్నది ఇంకో దగ్గరి దారి. పోతుంది, బ్యాటరీ పోతుంది. ఒకటి ఎప్పుడూ సగం ఖాళీగా, మరొకటి మోతాదు మించిన ఛార్జింగుతో ఉండి రెండూ త్వరగా పాడవుతాయి. 12 వోల్టుల దీపమే కావాలంటే 24ను 12 వోల్టులు చేసే కన్వర్టరు పెట్టుకోవాలి, లేదా ఆ లారీ వోల్టేజికి తగిన దీపమే కొనాలి. బల్బు పోయిందీ లేనిదీ కంప్యూటరు కనిపెట్టే కొత్త లారీల్లోనైతే హెడ్‌లైటు తీగను ముట్టుకోకుండా, అదనపు పరికరాల కోసం తయారీదారు వదిలిన కనెక్షన్ నుంచే సంకేతం తీసుకోవాలి.

ఎర్త్, అంటే కరెంటు తిరిగి వెళ్లడానికి తీగను బండి లోహానికి బిగించే చోటు, గురించి ఒక మాట. రంగు మీదే బోల్టు బిగించి ఎర్త్ ఇచ్చామనుకునే వారి దీపాలు నాలుగు నెలలకు మినుకుమంటాయి. లోహం బయటపడేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు రాయాలి. జాయింట్లకు టేపు చాలదు. ఎండకు జిగురు కరిగి టేపు జారిపోయాక వాన నీరు రాగిని పచ్చగా చేస్తుంది. తీగ కొనలను పట్టి ఉంచేలా సరైన పనిముట్టుతో నొక్కిన లోహపు క్రింప్, దాని మీద వేడికి బిగుసుకునే స్లీవు లారీ అదురుకు నిలబడతాయి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయడం, అంతా అయ్యాక చివరగా దాన్నే పెట్టడం మరవకూడదు.

ఇది బండి యజమాని సొంత వ్యవహారమని వదిలేయలేం, ఎదురుగా వచ్చేవాడి కళ్లు కూడా ఇందులో ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి 48వ నంబరు వాహన నిబంధన ప్రకారం ఒకేసారి వెలిగే హైబీమ్ (దూరం చూపే) దీపాలన్నింటి గరిష్ఠ తీవ్రత కలిపి 4,30,000 క్యాండెలాలు దాటకూడదు. దూరం చూపే అదనపు దీపాల రిలేను హైబీమ్ సంకేతంతోనే పనిచేసేలా కలిపితే, డ్రైవరు డిప్ చేసిన, అంటే వెలుగును కిందికి దించిన క్షణంలోనే అవీ ఆరిపోతాయి. విడి స్విచ్చితో మాత్రమే వెలిగేలా కలిపితే, ఎదుటివాడి చూపు డ్రైవరు జ్ఞాపకశక్తి మీద ఆధారపడుతుంది. వెనుక పనిదీపాలు బండి కదులుతుండగా వెలగకుండా చూడటమూ వైరింగులో భాగమే.

వాహన తనిఖీల్లో ఇప్పటిదాకా చూస్తున్నది దీపం వెలుగుతోందా, ఎటు చూస్తోంది అన్నదే ఎక్కువ. తీగను చూసేవారు తక్కువ. తర్వాత చేర్చిన ప్రతి దీపానికీ బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందా, ఆ ఫ్యూజు తీగకు తగ్గదేనా, తీగ గొట్టంలో పోతోందా, బ్రేకు పైపులకు కట్టారా అన్నవి తనిఖీ పత్రంలో చేరాలని మేము కోరుతున్నాం. దీపాలు అమ్మేవారు పెట్టెలో రెండు బోల్టులు వేసి చేతులు దులుపుకోకుండా తగిన మందం తీగ, ఫ్యూజు, రిలే ఉన్న సెట్టునే అమ్మాలి, అది ఎన్ని వోల్టులదో పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాయాలి. బిగించిన ఎలక్ట్రీషియన్ ఏ లైను ఎక్కడి నుంచి తీశాడో, ఎంత ఫ్యూజు వేశాడో ఒక కాగితం మీద గీసి ఫ్యూజు పెట్టె మూత లోపల అంటించాలి. ఆ బండిని తర్వాత విప్పేవాడు మరొకడు, బహుశా అర్ధరాత్రి, టార్చి వెలుగులో.