పువ్వుకి వాసనెందుకు?

మా మనవరాలికి ఇరవై ఒకటో రోజున బారసాల చేశాం. పిల్లకి పేరు ఖాయం చేయడం ఒక పూట పని. పూల సంగతి తేల్చడానికి మాత్రం పదకొండు రోజులు పట్టింది. దాంతో ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు వచ్చేసిందని నమ్మి, విశాఖ నగర పౌరుల శ్రేయస్సు కోరి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పూలంటే పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి, రెండు కిలోల బంతి, ఒక కిలో చామంతి, కాసిని మామిడాకులు సంచీలో వేసుకు రావడమే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. డెకరేషన్ కుర్రాడు నా చీటీ చూసి, జాలిపడ్డాడు.

"బంతి వద్దు సార్. వినాయకచవితి పందిరిలా ఉంటుంది. మనది పేస్టెల్ థీమ్, అన్నీ లేత రంగులే."

"పోనీ మల్లెలు పెట్టు బాబూ, తెల్లగానే ఉంటాయి కదా."

"మధ్యాహ్నానికి రంగు మారిపోతాయి సార్. పైగా వాసన."

పైగా వాసన! అరవై నాలుగేళ్ళ వయసులో నాకు పువ్వు గురించి మొదటి పాఠం అందింది. మనుషుల్లో లాగే పూలల్లోనూ నోరున్నవాళ్ళని చిన్నచూపు చూస్తారు. అడక్కుండానే తన ఉనికి చాటుకునే మల్లె, సన్నజాజి, మరువం అట్టడుగున ఉంటాయి. వాటికి పైన బెంగళూరు గులాబీ, ఆ పైన కార్నేషన్, జెర్బెరా. అందరికంటే పైమెట్టు మీద, ఎవరితోనూ మాట్లాడకుండా, థాయ్‌లాండ్ ఆర్కిడ్ కూర్చుంటుంది. ముక్కు ఆనించి గట్టిగా పీల్చి చూశాను. గాజు గ్లాసు కూడా కాస్త ఏదో వాసన వేస్తుంది. ఇది వేయదు. ధర కనుక్కున్నాక అది ఎందుకంత హుందాగా ఉందో అర్థమైంది.

ఈ లెక్కన మన సింహాచలం కొండ ఎంత వెనకబడిందో చూడండి. అక్కడి సంపెంగ ఒక్కటి ఎవరి జడలో ఉన్నా, బస్సులో వెనక సీటు నుంచి డ్రైవరు దాకా అందరికీ తెలిసిపోతుంది. ఇంత క్రమశిక్షణ లేని పువ్వుని పేస్టెల్ థీమ్‌లోకి ఎవరు రానిస్తారు?

మా అమ్మకి ఎనభై ఆరేళ్ళు. బంతి తోరణం లేదని తెలిసి అలిగింది. "బంతిపూలు లేని గుమ్మం ఏం గుమ్మంరా? తరతరాల సంప్రదాయం" అంది. నిజం చెప్పడం నా ధర్మం కాబట్టి, బంతి పుట్టిల్లు మెక్సికో అనీ, మన దండల్లో గుచ్చే లిల్లీది కూడా ఆ దేశమేననీ, చామంతి చైనా నుంచి వచ్చిందనీ, అసలు సిసలు ఇంటిపిల్లంటే కనకాంబరం లాంటిదనీ వివరించాను. అమ్మ తొణకలేదు. "మీ నాన్న పలాస నుంచి వచ్చి ఈ ఊరివాడైపోలేదూ?" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ముందురోజు రాత్రి పూలు దిగాయి. దాదాపు 1000 కిలోమీటర్లు అట్టపెట్టెల్లో ప్రయాణించి వచ్చిన గులాబీలు. ఒక్కో మొగ్గ తలకి ఒక వల టోపీ. వాటిని చల్లగా ఉంచాలని హాల్లో ఏసీ వేశారు. అదే హాల్లో సాయంత్రం సామాను సర్దుతున్న మా బంధువులం ఏసీ వెయ్యమంటే, "రేపట్నుంచే మీ బుకింగ్" అన్నారు.

తెల్లవార్లూ కుర్రాళ్ళు నిచ్చెనలెక్కి, పూల తలలు కోసి, ఆకుపచ్చ స్పాంజి ఇటుకల్లో గుచ్చారు. 1954లో అమెరికాలో స్మిథర్స్ అనే ఆయన కనిపెట్టిన ఇటుక అది. తన బరువుకి ఎన్నో రెట్ల నీళ్ళు తాగి పువ్వుకి అందిస్తుంది. పువ్వు రెండ్రోజుల్లో పోతుంది, ఇటుక మాత్రం మట్టిలో కలవదు. చేత్తో నలిపితే పొడై నీళ్ళల్లో చేరే ప్లాస్టిక్ అది. "అంతా నేచురల్ సార్" అని కుర్రాడు చెప్పింది పైన కనిపించే భాగం గురించి.

గుమ్మానికి కట్టిన అరటి గెలతో ఇంకో చిక్కొచ్చింది. పండుతున్న అరటికాయ ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది. ఆ గాలి సోకితే కార్నేషన్లు ముందే ముసలివైపోతాయి. ఈ సంగతి ఎక్కడో చదివి ఉన్నవాణ్ణి, ఊరుకోలేక చెప్పాను. వెంటనే శుభానికి గుర్తైన గెల వాచ్‌మన్ గదికి పోయింది. వాచ్‌మన్ కుటుంబం సాయంత్రానికల్లా దాన్ని పూర్తిగా ఆదరించింది.

ఇక ఉయ్యాల. ఆర్కిడ్లూ, తెల్ల గులాబీలూ, మధ్యలో జిప్సోఫిలా అనే తెల్ల నలుసులు. పిల్లని అందులో నాలుగు నిమిషాలు పడుకోబెట్టాం. కాళ్ళు ఆడిస్తే ఎడమవైపు డిజైన్ చెదురుతోందని ఫొటోగ్రాఫర్ కంగారుపడ్డాడు. పిల్లని తీసేశాక ఉయ్యాలకి విడిగా పద్దెనిమిది ఫొటోలు తీశాడు. వచ్చినవాళ్ళంతా వేలితో రేకులు నొక్కి చూసి, "అబ్బ, అచ్చం ప్లాస్టిక్ పూలలా ఎంత నీటుగా ఉన్నాయండీ!" అని మెచ్చుకున్నారు. ఇంత డబ్బు పోసింది ఆ మాట కోసమే కాబట్టి మా అల్లుడు పొంగిపోయాడు. మూడింటికల్లా అన్నీ పీకేశారు, సాయంత్రం హాల్లో వేరేవాళ్ళ రిసెప్షన్ ఉంది. మన తెల్ల గులాబీలు ఆ స్టేజీ మీద మళ్ళీ పెళ్ళి చేసుకున్నాయని నాకు అనుమానం. నిరూపించలేను.

ఈ మొత్తంలో మా ఆవిడ జడకి దక్కింది ఒక మూర మల్లెలు. "ఇప్పటికే ఖర్చెక్కువైందండీ" అని తనే రెండో మూర వద్దంది. మూర సంగతి కూడా చెప్పుకోవాలి. 1956లో ఈ దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. శేర్లు పోయాయి, వీశెలు పోయాయి. పూలబుట్ట దగ్గర మాత్రం ఇంకా మోచెయ్యే రాజ్యాంగం. ఒకసారి నా చేత్తో కొలవమని బేరం పెడితే, "మీ చెయ్యి పొడుగైతే నాకేటి బాబూ, పూలు కట్టింది నా చెయ్యి" అంది పూలమ్మే ఆవిడ. సుప్రీంకోర్టులో కూడా నిలిచే వాదన.

మిగిలిన గులాబీ రేకుల్ని మా అమ్మాయి ఇంటికి తెచ్చి, ఉరుళి అనే వెడల్పాటి ఇత్తడి పాత్రలో నీళ్ళు పోసి, గుమ్మంలో తేల్చింది. శుక్రవారం, లక్ష్మీదేవికి ప్రీతి. సరిగ్గా అదే శుక్రవారం ఆరోగ్య సిబ్బందికి ఫ్రైడే డ్రై డే. వారం పది రోజుల్లో గుడ్డు దోమైపోతుంది కనుక వారానికోసారి నిలవ నీళ్ళు పారబోయించడం వాళ్ళ పని. వాళ్ళలో ఒకావిడ మా గుమ్మంలో వంగి, సెల్‌ఫోన్ లైటు వేసి రేకుల కింద వెతికింది. "ఏటండీ ఇది, దోమలకి పూలపానుపేశారు?" ఒక పక్క లక్ష్మి, ఒక పక్క డెంగీ. మా ఆవిడ ఇద్దరినీ నొప్పించలేదు. పదింటికి నీళ్ళు పారబోసింది, పదిన్నరకి కొత్తవి పోసింది.

ఇన్ని పూల మధ్య దేవుడి సంగతేమిటని మీరు అడగొచ్చు. ఆయన ఏర్పాటు వేరు, దానికి బడ్జెట్ అక్కర్లేదు. తెల్లవారుజామున మా ఎంవీపీ కాలనీలో నడకకి బయల్దేరే పెద్దమనుషుల్ని గమనించండి. ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో కొస వంచిన కర్ర. ప్రహరీ దాటి బయటికి తొంగిచూసిన ప్రతి కొమ్మా ప్రజల ఆస్తి అన్నది వాళ్ళ సిద్ధాంతం. దాటనిదాన్ని దాటించడానికే కర్ర. నందివర్ధనం, గన్నేరు, ముద్దమందారం, ఏదీ వదలరు. చోరీ అనకూడదు, భక్తి అనాలి. లెక్క తేటగా ఉంది: ఫొటోగ్రాఫర్‌కి బెంగళూరువి, ఇంటి ఇల్లాలికి మూరెడు, దేవుడికి పక్కింటివి.

బారసాల మర్నాడు అయిదున్నరకి పాలప్యాకెట్ కోసం గేటు తీశాను. నిన్న మా హాల్లో రెండుసార్లు పులిహోర వడ్డించుకున్న మూడో ఇంటాయన, మా నందివర్ధనం కొమ్మని కర్రతో కిందికి లాగి పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి కొమ్మ వదల్లేదు. ఆప్యాయంగా నవ్వాడు.

"నిన్న మీ పూల డెకరేషన్ అదిరిందండీ మాస్టారూ! చాలా అయ్యుంటుందే?"

అయిందని ఒప్పుకున్నాను. కొమ్మ చివర ఆయనకి అందని రెండు పూలుంటే, ఎత్తు నాది కదా, నేనే కోసి కవర్లో వేశాను.