సవరణ: ఆలస్యానికి జీతం కోత లెక్క

"సిబ్బంది మూడుసార్లు ఆలస్యమైతే అరరోజు జీతం కోసేయండి" అని ముందు టపాలో రాశాం. అది తప్పు. 2019 వేతనాల కోడ్ (జీతాలపై కేంద్ర చట్టం) ప్రకారం పనిలో లేని సమయానికి ఎంతో అంతకు మించి కోయకూడదు. నెలకు 18,000, అంటే రోజుకు 600, ఎనిమిది గంటల డ్యూటీ అనుకుంటే అరగంటకు 37.50 రూపాయలు. మూడు అరగంటలకు 112.50; మేం చెప్పినట్టు కోస్తే 300 పోయేది!

జరిమానా వేరే సంగతి. ఏ తప్పులకు జరిమానా వేస్తారో ప్రభుత్వ ఆమోదంతో ముందే నోటీసు పెట్టాలి, సంజాయిషీ వినాలి, ఆ నెల జీతంలో 3 శాతం (ఇక్కడ 540) దాటకూడదు. వాయిదాల్లో వసూలు కుదరదు, 90 రోజులు దాటితే అసలే కుదరదు. ఆ డబ్బు గల్లాపెట్టెలోకి కాదు, సిబ్బంది మేలుకే. ఇంత తంటా కన్నా, వాళ్ల బస్సు టైమడిగి షిఫ్టు పావుగంట జరపడం తేలిక.