పిల్లల కష్టం, పెద్దల పేరాశ
కీర్తి కోసం ఎంతకైనా తెగించే సినీ తారల గురించి ఇటీవల చదివిన ఒక వ్యాసం చక్కగా చెప్పింది గానీ, తామేమీ కోరుకోకుండానే పెద్దల పేరాశకు బలైన బాలనటుల ఊసే లేకపోవడం నన్ను బాధించింది. 1921లో హాలీవుడ్ హాస్యనటుడు చార్లీ చాప్లిన్ పక్కన నటించి లోకాన్ని కంటతడి పెట్టించిన బాలనటుడు జాకీ కూగన్, లక్షల డాలర్లు ఆర్జించి కూడా, తన సొమ్ము తనకిమ్మని 1938లో కన్నతల్లి మీద, సవతి తండ్రి మీద దావా వేయవలసి వచ్చింది. చివరికి చేతికందింది దాదాపు 1,26,000 డాలర్లే. ఈ ఉదంతంతో 1939లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం బాలనటుల సంపాదనను కాపాడేందుకు చట్టం చేసింది. మన దేశంలోనూ 2017 నిబంధనల ప్రకారం బాలనటుల ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో వారి పేరిటే డిపాజిట్ చేయాలి, రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. షూటింగుకు అనుమతినిచ్చే జిల్లా అధికారులు ఆ డిపాజిట్ రసీదును నిర్మాతల నుంచి తప్పనిసరిగా అడిగి తీసుకోవాలని నా మనవి.