బీచ్‌లో అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుక నియోడిమియం కాదు

విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుకంతా నియోడిమియమేనట (బలమైన అయస్కాంతాల తయారీలో వాడే లోహం), అది బంగారం కన్నా అరుదట, దాంతోనే మన ఊరి ఫ్యాక్టరీలో ఎలక్ట్రిక్ కార్లకు అయస్కాంతాలు చేస్తున్నారట, దానికి రేడియేషన్ కూడా ఉందట. చివర్లో, ఆ అయస్కాంతాల పూసల కడియం వేసుకుంటే బీపీ తగ్గుతుందని ఒక ఫొటో. చదువుకున్నవాళ్లు కూడా ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

ముందు ఇసుక సంగతి. కెరటం వెనక్కి వెళ్లాక తీరం మీద నల్లటి చారలు మిగులుతాయి కదా, అక్కడ పాత స్పీకర్ అయస్కాంతాన్ని పాలిథీన్ కవర్లో పెట్టి తిప్పండి, నల్ల రేణువులు ముళ్లపంది వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. అది మాగ్నటైట్, అంటే ఇనుప ఖనిజం. దాంతోపాటు కొంచెం ఇల్మనైట్ కూడా రావచ్చు, అది ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం. కింద మిగిలిన ఇసుకలో ఎర్రగా మెరిసేవి గార్నెట్లు. తూర్పు కనుమల్లోని ఖొండలైట్, చార్నకైట్ రాళ్లు యుగాల తరబడి అరిగి, వాగులు మోసుకొచ్చి సముద్రంలో పోస్తే, బరువైన రేణువులు ఇలా ఒడ్డున పోగుపడ్డాయి.

నియోడిమియం ఉన్నది మోనజైట్ అనే వేరే ఖనిజంలో. తేనె రంగులో సన్నటి గింజలు, మొత్తం ఇసుకలో చాలా తక్కువ భాగం, స్పీకర్ అయస్కాంతానికి అంటుకోవు. అంటే మెసేజ్ చెప్పిన పరీక్ష అసలు సరుకును వదిలేసి ఇనుమును ఏరుకొస్తుంది! పైగా నియోడిమియం లోహం వెండిలా తెల్లగా ఉంటుంది, గాలి తగిలితే మసకబారి పొరలు పొరలుగా రాలిపోతుంది, అందుకే ల్యాబుల్లో నూనెలో ముంచి ఉంచుతారు. అలాంటిది కెరటాల మధ్య లోహంగా దొరకడం అసాధ్యం.

బంగారం కన్నా అరుదన్నది ఇంకా తప్పు. భూమి పైపొరలో టన్ను రాతికి సగటున 30-40 గ్రాముల నియోడిమియం ఉంటుంది, సీసం కన్నా ఎక్కువే. బంగారం అయితే నాలుగైదు మిల్లీగ్రాములు కూడా ఉండదు.

కష్టమంతా విడదీయడంలో ఉంది. మోనజైట్‌ను వేడి కాస్టిక్ సోడాతో విచ్ఛిన్నం చేసి, అందులోని థోరియం అనే రేడియోధార్మిక లోహాన్ని తీసేసి, మిగిలిన డజనుకు పైగా మూలకాలను ఒకదాని నుంచి ఒకటి వేరు చేయాలి. రసాయన గుణాల్లో అన్నీ అన్నదమ్ముల్లాంటివే కాబట్టి ద్రావకాలతో వందల దశల్లో విడగొట్టాలి. నియోడిమియం, ప్రసియోడిమియం కలిసిన మిశ్రమాన్ని ఒకే మూలకం అనుకుని నలభై ఏళ్లకు పైగా మోసపోయారు శాస్త్రవేత్తలు, 1885లో వియన్నాలో కార్ల్ ఆవర్ దాన్ని రెండుగా విడదీసేదాకా. ఈ లోహాల్లో చైనా బలం కూడా గనుల కన్నా ఈ శుద్ధిలోనే ఎక్కువ. మన రాష్ట్రంలో మోనజైట్ నిల్వలు దేశంలోనే ఎక్కువని అణు ఖనిజాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి, అది నిజంగా గర్వపడాల్సిన మాటే. కానీ సంచిలో ఇసుక నింపుకొచ్చినవాళ్లకు దాంతో ఒక్క రూపాయి రాదు, మోనజైట్ అణుశక్తి చట్టం కింద ఉన్న ఖనిజం కూడా.

ఇక ఫ్యాక్టరీ. విశాఖలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ప్రాంగణంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ అయస్కాంతాల ప్లాంటు ఉన్న మాట వాస్తవం, 2023 మేలో జాతికి అంకితం చేశారు. అక్కడ చేసేవి సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు, ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యం, అవి ముఖ్యంగా అణు, రక్షణ, అంతరిక్ష రంగాలకు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది, సమేరియం-కోబాల్ట్ మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ వేడికీ నిలుస్తుంది. కార్ల మోటార్లలో, ఇయర్‌బడ్స్‌లో, హార్డ్ డిస్కుల్లో వాడేది నియోడిమియం రకం, అందులో కూడా బరువులో ఎక్కువ భాగం ఇనుమే, నియోడిమియం మూడో వంతు లోపు, కొంచెం బోరాన్. తుప్పు పట్టకుండా పైన నికెల్ పూత వేస్తారు.

రేడియేషన్ మోనజైట్‌లోని థోరియంది, నియోడిమియంది కాదు. ఫోన్ స్పీకర్ గురించి టెన్షన్ అక్కర్లేదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది ఆ కడియం ముక్క. మన రక్తంలోని ఇనుము హిమోగ్లోబిన్‌లో బంధించి ఉంటుంది, అయస్కాంతానికి ఇనుప రజనులా అంటుకోదు. ఎంఆర్ఐ మెషీన్‌లో 1.5 టెస్లా అంత బలమైన అయస్కాంత క్షేత్రంలో అరగంట పడుకున్నవాళ్లకు రక్తం ఒక పక్కకు లాగబడదు, బీపీ జబ్బు నయం కాదు, చేతికి చుట్టుకున్న పూసలు ఏం చేస్తాయి? దీన్ని నమ్మి అమ్మో నాన్నో బీపీ బిళ్ల మానేస్తే పక్షవాతం దాకా వెళ్లొచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు బలమైన అయస్కాంతాన్ని ఛాతీ దగ్గరకు రానివ్వకూడదు.

అన్నిటికన్నా భయం చిన్నపిల్లల గురించి. కడియం తెగి పూసలు రాలాయనుకోండి, పిల్లాడు రెండు మింగితే అవి పేగుల్లో రెండు వేర్వేరు మడతల్లో నుంచి ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో పేగు గోడను నొక్కేసి చిల్లు పెడతాయి. అనుమానం ఉంటే కడుపునొప్పి వచ్చేదాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, ఎక్స్‌రేలో రెండు పూసలు అతుక్కుని ఒకటిలా కనబడొచ్చు కాబట్టి మింగింది అయస్కాంతమని డాక్టరుకు ముందే చెప్పండి.