పాసు మార్కులు యాభై

బెజవాడ ఎండలు తెలిసినవారెవరూ కారు అద్దాలకు నల్ల ఫిల్ము అంటించుకోవాలనుకోవడాన్ని తప్పుపట్టరు. కాని మా బావగారి కోరికలో ఎండ వాటా తక్కువ, హోదా వాటా ఎక్కువ. లోపల ఎవరున్నారో కనిపించకపోతే ఎవరో పెద్దవారే ఉండి ఉంటారని జనం అనుకుంటారన్నది ఆయన సిద్ధాంతం. ఆటోనగర్‌లో ఒక దుకాణదారుడు, ‘యాభై శాతం ఫిల్మండీ, అంతా రూలు ప్రకారమే’ అని నమ్మబలికి, అయిదేళ్ళ గ్యారంటీ కార్డుతో సహా పక్క అద్దాలన్నిటికీ అంటించి పంపాడు.

ఆ కారులోనే ఆయన తమ్ముడి పెళ్ళిచూపులకు గుంటూరు బయలుదేరాము. సంబంధం కుదిర్చిన మా పెదనాన్నగారు కూడా వచ్చారు. ఆయన లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేశారే గాని, లెక్కలను మాత్రం విరమించలేదు. వారధి ఎక్కకముందే ట్రాఫిక్ ఎస్సై చెయ్యెత్తి కారాపి, బ్లాక్ ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పిందనీ, మినహాయింపు జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారికేననీ గుర్తుచేసి, ‘తమరికి అలాంటి భద్రత ఏమైనా ఉందా సార్?’ అని ఎంతో మర్యాదగా అడిగారు. బావగారు వెనక సీట్లో ఉన్న మా అక్కవైపు చూశారు గాని, ఆ భద్రత లెక్కలోకి రాదని ఆయనకూ తెలుసు.

అయినా ఆయన తగ్గలేదు. రూలుకు లోబడిన ఫిల్ము వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పిందనీ, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని నూరో నియమం ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా డెబ్బై శాతం, పక్క అద్దాల గుండా యాభై శాతం వెలుతురు వస్తే చాలనీ, తనది సరిగ్గా యాభై శాతం ఫిల్మేననీ వాదించారు. ఎస్సై గారు కొంచెం ఆలోచనలో పడ్డట్టే కనిపించారు. సరిగ్గా అప్పుడే పెదనాన్నగారు గొంతు సవరించుకున్నారు.

“అల్లుడుగారూ, యాభై అన్నది ఫిల్ముకా, ఫిల్మూ అద్దమూ కలిపా? ఉత్త అద్దమే నూటికి డెబ్బై పాళ్ళు వెలుతురు పంపుతుందనుకుందాం. అందులో సగం ఫిల్ము మింగితే మిగిలేది ముప్పై అయిదు.”

“ముప్పై అయిదంటే పాసే కదా మామయ్యగారూ!”

“ఇక్కడ పాసు మార్కులు యాభై.”

సొంత మనుషులే సాక్ష్యం చెప్పాక ఎస్సై గారికి ఇక పనేముంది? చలానా రాశారు, కానిస్టేబులు బ్లేడు తీశాడు. ఫిల్ము ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. గమ్ము మాత్రం అద్దం మీదే నిలిచిపోయింది. రాహుకాలం ముంచుకొస్తోందన్న కంగారులో పెళ్ళికొడుకు తానే దిగి గోళ్ళతో గీకాడు. దాని ఫలితం గుంటూరులో తెలిసింది: పెళ్ళికూతురు అందించిన ప్లేటులోంచి అతను తీసుకున్న మైసూర్‌పాకు వేళ్ళను వదలలేదు, విదిలిస్తే ప్లేటు కూడా కదిలింది. పాపం, అబ్బాయికి సిగ్గెక్కువనుకుని అమ్మాయి తరఫువారు ముచ్చటపడ్డారు.

మర్నాడు బావగారు గ్యారంటీ కార్డు పట్టుకుని ఆటోనగర్ వెళ్ళారు. దుకాణదారుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఎండకు రంగు వెలిస్తేనండీ, ఎస్సై గారు పీకిస్తే కాదు. గమ్ము తీయించుకుంటారా? దానికి వేరే చార్జీ” అన్నాడు.